థెఫ్ట్, రాబరీ, డెకాయిటీ. డిశ్చార్జ్, అక్విటల్: కోర్టు వార్తల్లో కలిసిపోతున్న ఇంగ్లిష్ మాటలు

రాత్రి డెస్క్:
అందరికీ నమస్కారం. ఇంగ్లిష్‌లో వచ్చే క్రైమ్, కోర్టు కాపీని తెలుగు చేసేవాళ్ల కోసం ఈ థ్రెడ్. ఏజెన్సీ కాపీలో థెఫ్ట్, బర్గ్లరీ, రాబరీ, ఎక్స్‌టార్షన్, డెకాయిటీ అని అయిదు మాటలు వస్తుంటాయి. తెలుగు పేజీలో మాత్రం కొన్నింటికి "చోరీ" అనీ, మిగతా వాటికి "దోపిడీ" అనీ పడుతోంది. అయిదూ వేర్వేరు నేరాలైనప్పుడు ఇలా రాస్తే చదివేవాళ్లకి తప్పు సమాచారం వెళ్తుంది. తేడా ఎక్కడ తెగుతుందో వకీళ్లు ఎవరైనా వివరంగా చెప్పండి. సెక్షన్లు భారతీయ న్యాయ సంహితవి ఇస్తూ, పక్కన పాత ఐపీసీ నంబరు కూడా ఉంటే మేలు. 2024 జులై 1కి ముందు జరిగిన నేరాలు ఇంకా పాత నంబర్లతోనే విచారణకి వస్తున్నాయి.

గుంటూరు వకీలు:
మంచి ప్రశ్న. మొదట థెఫ్ట్ గట్టిగా పట్టుకోండి, మిగతావి చాలావరకు దాని మీదే నిలబడతాయి.

థెఫ్ట్, సెక్షన్ 303 (పాత 378, 379). కదిలే ఆస్తి అయి ఉండాలి. అది ఇంకొకరి స్వాధీనంలో ఉండాలి. వాళ్ల సమ్మతి ఉండకూడదు. తీసుకునేవాడికి దురుద్దేశం ఉండాలి. వస్తువు ఉన్నచోటు నుంచి కదలాలి. వీటిలో ఒక్కటి తప్పినా థెఫ్ట్ కాదు. భూమి ఆక్రమణ ఎంత పెద్దదైనా థెఫ్ట్ అవ్వదు, భూమి కదలదు కాబట్టి. నిలబడి ఉన్న చెట్టు కూడా అంతే. నరికి నేల నుంచి విడదీసిన క్షణం నుంచి అది థెఫ్ట్‌కి గురయ్యే వస్తువు. ఇంకో సంగతి: చట్టం ఇక్కడ చూసేది స్వాధీనాన్ని, యాజమాన్యాన్ని కాదు. వాచీ బాగుచేసినవాడు కూలి డబ్బు కోసం చట్టబద్ధంగా వాచీ అట్టిపెట్టుకుంటే, బాకీ కట్టకుండా దాన్ని దురుద్దేశంతో ఎత్తుకొచ్చిన సొంతదారు కూడా థెఫ్ట్ చేసినట్టే. శిక్ష మూడేళ్ల దాకా. సొత్తు విలువ 5,000 రూపాయల లోపు ఉండి, మొదటిసారి దోషిగా తేలి, సొత్తు గానీ దాని విలువ గానీ తిరిగి ఇచ్చేస్తే శిక్ష సమాజ సేవే.

స్నాచింగ్, సెక్షన్ 304. ఇది కొత్త సెక్షన్. హఠాత్తుగానో, బలంగానో మనిషి దగ్గర నుంచి లాక్కోవడం. మెడలో గొలుసు తెంపుకుపోయే కేసులు ఇక్కడికి వస్తాయి. కానీ లాగేటప్పుడు బాధితురాలిని కావాలని కొట్టినా, కింద పడేసి గాయపరిచినా అది రాబరీ దాకా వెళ్తుంది.

ఎక్స్‌టార్షన్, సెక్షన్ 308 (పాత 383, 384). థెఫ్ట్‌లో దొంగ తీసుకుంటాడు. ఇందులో భయపెట్టి బాధితుడి చేతే ఇప్పించుకుంటాడు. అందుకే ఇది కదిలే ఆస్తికి పరిమితం కాదు. బెదిరించి ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టించుకున్నా ఎక్స్‌టార్షనే. శిక్ష పాత చట్టంలో మూడేళ్ల దాకా ఉండేది, ఇప్పుడు ఏడేళ్ల దాకా పెరిగింది.

రాబరీ, సెక్షన్ 309 (పాత 390, 392). దీనికి రెండు దారులు. థెఫ్ట్ చేయడానికి గానీ, సొత్తు పట్టుకుపోవడానికి గానీ మనిషిని గాయపరిచినా, అడ్డగించి నిలబెట్టినా, అప్పటికప్పుడు చంపుతామనో కొడతామనో భయపెట్టినా రాబరీ. లేదా ఎక్స్‌టార్షన్ చేసేవాడు ఎదురుగా ఉండి, అప్పటికప్పుడు హాని జరుగుతుందన్న భయం పెట్టి, అక్కడికక్కడే ఇప్పించుకుంటే రాబరీ. "వారంలో 10 లక్షలు పంపకపోతే నీ కొడుకు సంగతి చూస్తాం" అన్న ఫోన్ ఎక్స్‌టార్షన్. కత్తి మెడ మీద పెట్టి "పర్సు తియ్యి" అంటే రాబరీ. శిక్ష పదేళ్ల దాకా. సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం లోపు హైవే మీద జరిగితే 14 ఏళ్ల దాకా.

డెకాయిటీ, సెక్షన్ 310 (పాత 391, 395). అయిదుగురు లేదా అంతకంటే ఎక్కువ మంది కలిసి రాబరీ చేస్తే, చేయబోయినా సరే, డెకాయిటీ. అంటే యావజ్జీవం, లేకపోతే పదేళ్ల దాకా కఠిన కారాగారం. ఆయుధాలున్నాయా, ముసుగులున్నాయా, ఎంత సొత్తు పోయింది అన్నవి ఈ పేరును నిర్ణయించవు. తలలు లెక్కపెట్టాలి, అంతే.

బర్గ్లరీ మన సంహితలో లేదు. అది ఇంగ్లండ్, అమెరికా చట్టాల మాట. ఇంగ్లండ్‌లో 1968 థెఫ్ట్ యాక్ట్‌లో దానికి విడిగా సెక్షన్ ఉంది. మనకి దగ్గరగా ఉండేది హౌస్ బ్రేకింగ్, సెక్షన్లు 330, 331 (పాత 445 నుంచి). తాళం తీసో, గోడకి కన్నం వేసో, లోపలికి వెళ్లడానికి ఉద్దేశించని దారిలోనో ఇంట్లోకి దూరడం. గమనించండి, దూరడమే నేరం. లోపల ఏమీ దొరక్క ఖాళీ చేతులతో వెళ్లిపోయినా హౌస్ బ్రేకింగ్ పూర్తయినట్టే. రాత్రిపూట దొంగతనం ఉద్దేశంతో చేస్తే 14 ఏళ్ల దాకా పడుతుంది.

లా మూడో ఏడు:
సార్, డెకాయిటీ మీద ఒక డౌటు. అయిదుగురి మీద ఛార్జ్ పెట్టారు, విచారణలో ఇద్దరు నిర్దోషులని తేలింది. మిగిలింది ముగ్గురే. అప్పుడు డెకాయిటీ నిలుస్తుందా?

గుంటూరు వకీలు:
ఆ ఇద్దరి స్థానంలో ఎవరూ లేరనుకుంటే నిలవదు, రాబరీకి దిగిపోతుంది. కానీ "ఘటనా స్థలంలో అయిదుగురో ఆరుగురో ఉన్నారు, ఇద్దరి గుర్తింపు మాత్రం రుజువు కాలేదు" అని కోర్టు స్పష్టంగా నిర్ధారిస్తే ముగ్గురికీ డెకాయిటీ శిక్ష వేయొచ్చు. సాయం చేయడానికి అక్కడే ఉన్నవాడూ లెక్కలోకి వస్తాడు, బయట బండి స్టార్ట్ చేసి నిలబడ్డవాడితో సహా. వార్త రాసేవాళ్లకి ఇది ఎందుకంటే, "అయిదుగురు ముఠా" అని ఎఫ్ఐఆర్ రోజు రాసి, తీర్పు రోజు "ముగ్గురికి డెకాయిటీ కింద శిక్ష" అని వస్తే చదివేవాడు తికమకపడతాడు. గుర్తుతెలియని ఇద్దరి గురించి కోర్టు ఏమందో ఒక వాక్యం ఉండాలి.

కృష్ణలంక అనువాదం:
తెలుగు మాటల మీద నా సూచన. థెఫ్ట్‌కి దొంగతనం లేదా చోరీ. రాబరీకి దోపిడీ. డెకాయిటీకి బందిపోటు దోపిడీ. స్నాచింగ్‌కి గొలుసు లాక్కెళ్లడం అన్నట్టు ఏం లాక్కెళ్లారో చెబుతూ రాయడం. ఎక్స్‌టార్షన్‌కి బెదిరించి వసూలు, లేదా బలవంతపు వసూళ్లు. హౌస్ బ్రేకింగ్‌కి "ఇంట్లోకి చొరబాటు" సరిపోతుంది, "తాళం పగలగొట్టి" అని ఎలా దూరారో చెబితే ఇంకా మంచిది.

ఎవరూ లేని ఇంట్లో బీరువా పగలగొడితే "భారీ దోపిడీ" అని హెడ్డింగ్ పెడుతున్నారు. ఎంత భారీ సొత్తు పోయినా మనిషి మీద బలప్రయోగమో భయమో లేకపోతే దోపిడీ కాదు, చోరీయే. ఆ హెడ్డింగ్ చూసినవాళ్లు ఇంట్లోవాళ్లకి ఏమైందోనని కంగారుపడతారు. దోపిడీ అనే మాట శ్రమ దోపిడీ, ఫీజుల దోపిడీ అని ఇంకో అర్థంలోనూ నడుస్తోంది కాబట్టి, క్రైమ్ పేజీలో దాన్ని రాబరీకే అట్టిపెట్టడం న్యాయం.

హనుమకొండ బార్:
దీనికి ఆనుకుని ఇంకో మూడు మాటలున్నాయి, అవి ఇంకా ఎక్కువ కలుస్తాయి: మిస్అప్రాప్రియేషన్, బ్రీచ్ ఆఫ్ ట్రస్ట్, చీటింగ్. మూడింటికీ తెలుగులో "మోసం" అని రాసేస్తున్నారు.

తేడా పట్టుకోవాలంటే దురుద్దేశం ఎప్పుడు పుట్టిందో, సొత్తు చేతికి ఎలా వచ్చిందో చూడాలి. రోడ్డు మీద పర్సు దొరికింది, లోపల సొంతదారు ఆధార్ కార్డు ఉంది, అయినా డబ్బు వాడేసుకుంటే మిస్అప్రాప్రియేషన్, సెక్షన్ 314 (పాత 403). ఎవరూ నమ్మి అప్పగించలేదు, ఎవరినీ ఏమార్చలేదు. కంసాలికి గాజులు చేయమని బంగారం ఇచ్చారు, అతను దాన్ని అమ్మేసుకున్నాడు. ఇది బ్రీచ్ ఆఫ్ ట్రస్ట్, సెక్షన్ 316 (పాత 405, 406). బంగారం చేతికి వచ్చినప్పుడు వ్యవహారం సక్రమమే, తర్వాత నమ్మకం తప్పాడు. నగలకి మెరుగు పెడతామని వీధిలోకి వచ్చి, మొదటి నుంచీ కాజేసే ఉద్దేశంతోనే నగ తీయించుకుంటే చీటింగ్, సెక్షన్ 318 (పాత 415, 420).

ఒకే నిజాల మీద చీటింగూ బ్రీచ్ ఆఫ్ ట్రస్టూ రెండూ నిలవవని ఢిల్లీ రేస్ క్లబ్ కేసులో 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు చాలా గట్టిగా చెప్పింది. మొదటి దాంట్లో దురుద్దేశం ఆరంభంలోనే ఉండాలి, రెండో దాంట్లో అప్పగింత సక్రమంగా జరిగి ఉండాలి. రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయి? అయినా ఎఫ్ఐఆర్‌లో రెండు సెక్షన్లూ అలవాటుగా వేసేస్తుంటారు. అమ్మిన సరుకుకి డబ్బు ఇవ్వకపోవడం ఒక్కటే అయితే ఈ మూడింటిలో ఏదీ కాదు, అది సివిల్ బాకీ. చీటీ పాటల వార్తల్లోనూ ఇదే చూడాలి: నిర్వాహకుడు మొదటి నుంచే పారిపోయే పథకంతో కట్టించుకున్నాడా, కొన్నేళ్లు సక్రమంగా నడిపి తర్వాత డబ్బు మళ్లించాడా?

రాత్రి డెస్క్:
చాలా ఉపయోగం సార్. మర్డర్, కల్పబుల్ హోమిసైడ్, మాన్‌స్లాటర్ సంగతి కూడా చెప్పండి. విదేశీ వార్తల్లో మాన్‌స్లాటర్ అని వచ్చినప్పుడల్లా "హత్య" అనే పడుతోంది.

గుంటూరు వకీలు:
హోమిసైడ్ అంటే మనిషి వల్ల మనిషి చావు, అంతవరకే. అది నేరం కాకపోవచ్చు కూడా, ఆత్మరక్షణ హక్కు పరిధిలో జరిగితే. కల్పబుల్ హోమిసైడ్ (సెక్షన్ 100, పాత 299) అంటే నేరమయ్యే ప్రాణహరణం. అందులో తీవ్రమైన రకం మర్డర్ (సెక్షన్ 101, పాత 300). అన్ని మర్డర్లూ కల్పబుల్ హోమిసైడే, అన్ని కల్పబుల్ హోమిసైడ్లూ మర్డర్ కావు.

దీని మీద దేశమంతా ఉదహరించే తీర్పు మన దగ్గరి కేసులోదే: ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం వర్సెస్ రాయవరపు పున్నయ్య, 1976. బరువైన కర్రలతో కాళ్లూ చేతులూ విరగ్గొట్టారు, మనిషి చనిపోయాడు. కింది కోర్టు మర్డర్ అంది. ప్రాణం తీసే చోట్ల కొట్టలేదు కదా అని హైకోర్టు శిక్షను పాత ఐపీసీ 304 రెండో భాగానికి, అంటే మర్డర్ కాని కల్పబుల్ హోమిసైడ్‌కి, తగ్గించింది. సుప్రీంకోర్టు మళ్లీ మర్డర్ అని తేల్చింది. కొట్టాలనుకున్న గాయాలు సహజ గతిలో చావుకి సరిపోయేంతవి అయితే చాలు, చంపాలన్న ఉద్దేశం విడిగా రుజువు కానక్కర్లేదు. తేడా అంతా ఇక్కడే ఉంది. చావు రావొచ్చు అనే స్థాయి గాయమైతే కల్పబుల్ హోమిసైడ్. మామూలుగా చావు వచ్చి తీరేంత గాయమైతే మర్డర్. దీనికి తోడు హఠాత్తుగా, తీవ్రంగా రెచ్చగొట్టడం, ముందస్తు పథకం లేని కొట్లాట లాంటి మినహాయింపుల్లో పడితే మర్డర్ కూడా కిందికి దిగుతుంది.

శిక్షలు: మర్డర్‌కి మరణశిక్ష లేదా యావజ్జీవం, సెక్షన్ 103. మర్డర్ కాని కల్పబుల్ హోమిసైడ్‌కి సెక్షన్ 105 (పాత 304). ఉద్దేశం ఉంటే యావజ్జీవం లేదా అయిదు నుంచి పదేళ్లు. ఉద్దేశం లేక, చావు రావొచ్చన్న ఎరుక మాత్రమే ఉంటే పదేళ్ల దాకా. నిర్లక్ష్యం వల్ల చావు పూర్తిగా వేరే సెక్షన్, 106 (పాత 304ఏ), అయిదేళ్ల దాకా. పాత 304కీ 304ఏకీ ఒక్క అక్షరమే తేడా. టైపింగ్‌లో ఆ అక్షరం జారితే ప్రమాదం చేసిన డ్రైవరు ప్రాణహరణం కేసులో పడినట్టు అచ్చవుతుంది.

మాన్‌స్లాటర్ ఇంగ్లండ్, అమెరికా మాట. మన సెక్షన్ 105, 106 రెండింటి పరిధిలోవీ అందులో కలిసి ఉంటాయి. "హత్య" అనకండి. "హత్యగా పరిగణించని ప్రాణహరణం" అనండి. నిర్లక్ష్యం కేసైతే "నిర్లక్ష్యంతో మరణానికి కారణమైన నేరం" అని విడదీసి రాయండి.

కృష్ణలంక అనువాదం:
నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టే మాట మాత్రం తెలుగుదే: "కేసు కొట్టేశారు." ఇంగ్లిష్‌లో డిశ్చార్జ్ అన్నా, అక్విటల్ అన్నా, క్వాష్ అన్నా, పోలీసులు కేసు మూసేసినా, అన్నిటికీ ఇదొక్కటే. వీటి ఫలితాలు ఒకదానితో ఒకటి పోలవు. హనుమకొండ సార్, మీరు వివరిస్తారా?

హనుమకొండ బార్:
కేసు నడిచే దారిలో ఎక్కడ ఆగింది అన్నదే తేడా.

ముందు కంప్లైంట్, ఎఫ్ఐఆర్, ఛార్జిషీట్, ఛార్జ్ అన్న నాలుగు మాటలు. స్టేషన్‌లో ఇచ్చేదాన్ని మనం కంప్లైంట్ అంటాం, కానీ నాగరిక్ సురక్షా సంహితలో (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం, ఇక్కడి నుంచి క్రిమినల్ కేసుల సెక్షన్లు దానివే, పాత నంబర్లు సీఆర్‌పీసీవి) కంప్లైంట్ అంటే నేరుగా మేజిస్ట్రేటుకి చేసుకునే ఫిర్యాదు. స్టేషన్‌లో చెప్పిన సమాచారం సెక్షన్ 173 (పాత 154) కింద నమోదైతే ఎఫ్ఐఆర్. దర్యాప్తు ముగించి పోలీసులు కోర్టులో వేసేది ఛార్జిషీట్, సెక్షన్ 193 (పాత 173). పాత చట్టంలో 173 ఛార్జిషీట్, కొత్తదాంట్లో 173 ఎఫ్ఐఆర్. కాపీలో 173 కనిపిస్తే ఏ చట్టమో చూడకుండా రాయొద్దు. ఛార్జ్ మాత్రం పోలీసులది కాదు, కోర్టుది. "ఛార్జిషీట్ వేశారు" అన్నదానికి "కోర్టు అభియోగాలు మోపింది" అని రాస్తే ఇంకా జరగని పనిని జరిగిందన్నట్టు.

ఇప్పుడు ఆగే చోట్లు. పోలీసులే ఆధారాల్లేవని మూసేస్తే, మన స్టేషన్ల భాషలో "కేసు రిఫర్ చేశారు" అంటారు. మిస్టేక్ ఆఫ్ ఫ్యాక్ట్ అనో, ఫాల్స్ అనో కారణం రాస్తారు. ఫిర్యాదుదారు దాని మీద ప్రొటెస్ట్ పిటిషన్ వేసుకోవచ్చు, మేజిస్ట్రేటు ఆ నివేదికను ఒప్పుకోవాలనీ లేదు. హైకోర్టు ఎఫ్ఐఆర్‌నో, ప్రొసీడింగ్స్‌నో రద్దు చేస్తే క్వాష్, సెక్షన్ 528 (పాత 482). ఏయే సందర్భాల్లో చేయొచ్చో సుప్రీంకోర్టు భజన్‌లాల్ తీర్పులో ఏడు రకాలు చెప్పారు. ఛార్జ్ మోపకముందే, విచారణకి తగిన ఆధారం లేదని ట్రయల్ కోర్టు వదిలేస్తే డిశ్చార్జ్, సెషన్స్ కేసుల్లో సెక్షన్ 250 (పాత 227). సాక్ష్యాలన్నీ విని నిర్దోషి అని తీర్పిస్తే అక్విటల్.

డిశ్చార్జ్ అయినవాడి మీద కొత్త ఆధారాలు దొరికితే మళ్లీ కేసు నడపొచ్చు. అక్విటల్ అయితే, అప్పీలులో తిరగబడితే తప్ప, అదే నేరానికి మళ్లీ విచారించకూడదు, సెక్షన్ 337 (పాత 300). అంటే "నిర్దోషి" అన్న మాట అక్విటల్‌కే వాడాలి. డిశ్చార్జ్ అయితే "విచారణకు ముందే విముక్తి" అనండి.

లోక్ అదాలత్ వార్తల్లో ఒకటి తరచుగా జారిపోతోంది. రాజీ పడదగ్గ నేరంలో రాజీ అయితే దాని ఫలితం చట్టరీత్యా అక్విటలే. ప్రభుత్వం కేసు ఉపసంహరించుకున్నప్పుడు మాత్రం ఎప్పుడన్నది చూడాలి: ఛార్జ్ మోపకముందైతే డిశ్చార్జ్, మోపాకైతే అక్విటల్.

లా మూడో ఏడు:
అరెస్ట్, డిటెన్షన్, కస్టడీ, రిమాండ్ కూడా చేరిస్తే బాగుంటుంది. "రిమాండ్‌కు తరలించారు" అని పేపర్లలో రోజూ చూస్తాం. రిమాండ్ అనేది ఊరో జైలో అన్నట్టు ఉంటుంది.

సెషన్స్ వరండా:
రిమాండ్ ఒక ఉత్తర్వు. నిందితుణ్ణి ఫలానా గడువు దాకా కస్టడీలో ఉంచమని మేజిస్ట్రేటు ఇచ్చేది. కస్టడీ ఎవరి చేతిలో అన్నది అందులో ఉంటుంది: పోలీసులకిస్తే పోలీస్ కస్టడీ, జైలుకి పంపితే జుడీషియల్ కస్టడీ. రెండూ రిమాండే. అందుకని "14 రోజుల రిమాండ్ విధించడంతో జైలుకు తరలించారు" సరైన వాక్యం. "రిమాండ్‌కు తరలించారు" అన్నదాంట్లో ఎవరి కస్టడీయో తెలియదు.

అరెస్టయితే ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. పోలీస్ కస్టడీ మొత్తం 15 రోజులకి మించదు. పాత చట్టంలో అది మొదటి 15 రోజుల్లోనే తీసుకోవాలి అన్నట్టు నడిచేది. కొత్త సెక్షన్ 187లో నేరాన్ని బట్టి మొదటి 40 లేదా 60 రోజుల్లో విడతలుగా తీసుకోవచ్చు. కాబట్టి నెల తర్వాత "మళ్లీ పోలీస్ కస్టడీ" అని వస్తే అది పొరపాటు వార్త కాకపోవచ్చు.

డిటెన్షన్‌తో జాగ్రత్త. ప్రివెంటివ్ డిటెన్షన్ అంటే చేసిన నేరానికి శిక్ష కాదు, చేయబోతాడన్న అంచనాతో నిర్బంధం. మన దగ్గర పీడీ యాక్ట్ అనే 1986 చట్టం అదే. దాని కింద జైల్లో ఉన్నవాణ్ణి ఆ కేసులో "దోషి" అనకూడదు, "బెయిల్ రాలేదు" అని రాయడమూ సరికాదు, అక్కడ బెయిల్ అన్న ప్రశ్నే లేదు. అడ్వైజరీ బోర్డు, హైకోర్టులో హెబియస్ కార్పస్ (నిర్బంధం అక్రమమంటూ వేసే పిటిషన్), ఇవీ దారులు.

పీడీ యాక్ట్ తీర్పుల్లో ఇంకో జంట వస్తుంది: లా అండ్ ఆర్డర్, పబ్లిక్ ఆర్డర్. రెండింటికీ "శాంతిభద్రతలు" అని రాస్తే తీర్పు అర్థమే పోతుంది. లోహియా కేసులో 1965లో సుప్రీంకోర్టు మూడు వలయాలుగా చెప్పింది. బయటి పెద్ద వలయం లా అండ్ ఆర్డర్, లోపలిది పబ్లిక్ ఆర్డర్, అన్నిటికంటే లోపల దేశ భద్రత. ఇద్దరు కొట్టుకుంటే మొదటిది. ఊరి జీవనమే అల్లకల్లోలమైతే రెండోది. పీడీ నిర్బంధానికి రెండోది కావాలి. 2023లో అమీనా బేగం కేసులో తెలంగాణ నిర్బంధ ఉత్తర్వును కొట్టివేసినప్పుడు సుప్రీంకోర్టు పట్టుబట్టిన తేడా ఇదే. రెండో దానికి "ప్రజా జీవన భద్రత" అనో, "పబ్లిక్ ఆర్డర్" అని తెలుగు లిపిలోనో రాయండి, శాంతిభద్రతలు అని మాత్రం వద్దు.

రాత్రి డెస్క్:
బెయిల్, పెరోల్, ఫర్లో? మూడింటికీ "బయటకు వచ్చారు" అని తప్పించుకుంటున్నాం.

సెషన్స్ వరండా:
బెయిల్ ఇచ్చేది కోర్టు. సాధారణంగా నేరం ఇంకా రుజువు కాని దశలో. శిక్ష పడ్డాక కూడా అప్పీలు తేలేదాకా శిక్ష నిలిపి బెయిల్ ఇవ్వొచ్చు, సెక్షన్ 430 (పాత 389). యాంటిసిపేటరీ బెయిల్ అరెస్టుకి ముందు తీసుకునేది, సెక్షన్ 482 (పాత 438). 482 నంబరు పాత చట్టంలో క్వాష్‌ది అని పైన హనుమకొండ సార్ చెప్పారు, కొత్త చట్టంలో అది ముందస్తు బెయిల్‌ది. ఈ కలగాపులగం కొన్నేళ్లు తప్పదు. డిఫాల్ట్ బెయిల్ అంటే 60 లేదా 90 రోజుల్లో ఛార్జిషీట్ రాకపోతే పుట్టే హక్కు. అది కేసులో బలం లేదని కోర్టు అన్నట్టు కాదు, హెడ్డింగ్‌లో అలా ధ్వనించకూడదు.

పెరోల్, ఫర్లో రెండూ శిక్ష పడ్డ ఖైదీకే. ఇచ్చేది జైలు, ప్రభుత్వ యంత్రాంగం. పెరోల్‌కి కారణం చూపాలి: ఇంట్లో చావు, పెళ్లి, జబ్బు. ఫర్లోకి ప్రత్యేక కారణం అక్కర్లేదు, దీర్ఘకాల ఖైదీకి జైలు జీవితం నుంచి కొంత ఊరట. ఫర్లోలో గడిపిన రోజులు శిక్షలో కలుస్తాయి, పెరోల్ రోజులు కలవవు అని సుప్రీంకోర్టు 2017లో అష్ఫాక్ కేసులో చెప్పింది. జైళ్లు రాష్ట్ర జాబితాలోవి కాబట్టి రోజుల లెక్కలు, అర్హతలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. గుజరాత్ నిబంధన చూసి తెలంగాణ ఖైదీ గురించి రాయకండి. అమెరికా వార్తల్లో పెరోల్ అంటే వేరే: మిగిలిన శిక్షాకాలం పర్యవేక్షణలో బయట గడపడం. దాన్ని "తాత్కాలిక విడుదల" అంటే తప్పు.

హనుమకొండ బార్:
దీనికి తోకగా పార్డన్, కమ్యుటేషన్, రెమిషన్, రెస్పైట్, రిప్రీవ్. అయిదింటికీ "క్షమాభిక్ష" అని ఒకటే మాట వాడుతున్నారు. రాజ్యాంగం 72, 161 అధికరణాల్లో ఇవి విడివిడిగా ఉన్నాయి. పార్డన్ అయితే దోషిత్వమూ శిక్షా రెండూ పోతాయి. కమ్యుటేషన్‌లో శిక్ష రకం మారుతుంది, ఉరి యావజ్జీవం అవ్వడం లాగా. రెమిషన్‌లో రకం అదే, కాలం తగ్గుతుంది. రెస్పైట్ ప్రత్యేక పరిస్థితి చూసి, గర్భం లాంటిది, తక్కువ శిక్ష వేయడం. రిప్రీవ్ కొంతకాలం అమలు ఆపడం మాత్రమే.

యావజ్జీవం అంటే 14 ఏళ్లు అన్న నమ్మకం ఇక్కడి నుంచే పుట్టింది. యావజ్జీవం అంటే బతికున్నంత కాలం. గోపాల్ వినాయక్ గాడ్సే కేసులో 1961లోనే సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది. 14 అన్న అంకె సెక్షన్ 475 (పాత 433ఏ)లోది: మరణశిక్ష కూడా పడదగ్గ నేరంలో యావజ్జీవం పడ్డవాడికి రెమిషన్ ఇచ్చినా, కనీసం 14 ఏళ్లు జైల్లో గడపందే వదలకూడదు అని. అది కింది హద్దు, శిక్షాకాలం కాదు. "14 ఏళ్ల యావజ్జీవం పూర్తిచేసుకుని" అన్న వాక్యం ఎక్కడ కనిపించినా కొట్టేయండి.

కంకరెంట్, కాన్సిక్యూటివ్ కూడా చూడండి. మూడు సెక్షన్ల కింద 3, 5, 7 ఏళ్లు వేసి కంకరెంట్ అంటే ఏడేళ్లే. కాన్సిక్యూటివ్ అంటే పదిహేను. తీర్పులో "ఏకకాలంలో" అని చెప్పకపోతే ఒకదాని తర్వాత ఒకటే నడుస్తాయి అన్నది పాత సెక్షన్ 31లోని మాట. కొత్త సెక్షన్ 25లో కంకరెంటో, కాన్సిక్యూటివో నేరాల తీవ్రతను బట్టి కోర్టే ఉత్తర్వులో చెప్పాలి. కాబట్టి మొత్తం కూడి హెడ్డింగ్ పెట్టేముందు తీర్పు ఆఖరి పేరా తప్పకుండా చూడాలి.

పాత మిసిళ్లు:
అనువాదకులకి చిన్న చేర్పు. అక్యూజ్డ్‌ని తెలుగులో ముద్దాయి అంటున్నాం, నిందితుడు అంటున్నాం. రెండూ సరే, దోషి అన్నది కన్విక్ట్‌కి అట్టిపెట్టాలి, సస్పెక్ట్‌కి అనుమానితుడు. అయితే నిజాం కాలపు ఉర్దూ రికార్డులు చేతికి వస్తే మాత్రం ఆగండి. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, ప్రతివాది ముద్దా అలైహ్. మన ముద్దాయి దానికి తలకిందులు. భూమి దావాల అనువాదంలో ఇది చూసుకోకపోతే వాది ప్రతివాది అయిపోతాడు.

రాత్రి డెస్క్:
భూమి దావాలంటే గుర్తొచ్చింది. స్టే, ఇంజంక్షన్, స్టేటస్ కో: మూడూ "స్టే వచ్చింది" అనే రాస్తున్నాం.

గుంటూరు వకీలు:
స్టే ఒక కోర్టుకో, ప్రొసీడింగ్‌కో, ఉత్తర్వు అమలుకో వేసే అడ్డు. అప్పీలులో కింది డిక్రీ అమలు ఆపాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 41 రూల్ 5. ఇంజంక్షన్ మనిషికి ఇచ్చే ఆదేశం: ఫలానా పని చేయొద్దు, కొన్నిసార్లు చేయి అని. తాత్కాలికమైతే ఆర్డర్ 39 రూల్ 1, 2. అమల్లోకి వచ్చే సమయమూ వేరే. ఇంజంక్షన్ ఇచ్చిన క్షణం నుంచే పనిచేస్తుంది, తెలియక ఉల్లంఘించినవాడికి శిక్ష పడకపోవచ్చు గానీ. స్టే మాత్రం కింది కోర్టుకి ఆ సంగతి తెలిశాకే దాని చేతులు కడుతుంది. ఇది 1967లో ముల్‌రాజ్ కేసు.

స్టేటస్ కో అంటే ఈ రోజు ఎలా ఉందో అలాగే ఉంచండి అని ఇద్దరికీ ఇచ్చే ఆదేశం. పొలం ఎవరి స్వాధీనంలో ఉందో కోర్టు తేల్చిందన్న అర్థం అందులో లేదు. గొడవలన్నీ ఇక్కడే వస్తాయి: ఉత్తర్వులో ఏ తేదీ నాటి స్థితి, స్వాధీనం విషయంలోనా, రిజిస్ట్రేషన్ విషయంలోనా అని స్పష్టంగా లేకపోతే ఇద్దరూ "స్టేటస్ కో నాకే వచ్చింది" అంటూ పొలంలోకి దిగుతారు. వార్తలో "యథాతథ స్థితి" అని రాసి, దేని మీద, ఏ తేదీ దాకా అన్నది ఉత్తర్వు కాపీ చూసి రాయండి. వకీలు నోటిమాట మీద రాయకండి, ఇరు పక్షాల వకీళ్లదీ.

రాత్రి డెస్క్:
ఉత్తర్వు కాపీ ఈ-కోర్ట్స్ సైట్‌లో కేసు నంబరు కొడితే దొరుకుతోంది, కానీ అదే రోజు అన్నిసార్లూ ఎక్కదు. అంతదాకా "స్టే" అనకుండా "కోర్టు మధ్యంతర ఉత్తర్వులిచ్చింది" అని వదిలేస్తాం. డిక్రీ, ఆర్డర్, జడ్జిమెంట్ తేడా ఇంకా మిగిలింది. సివిల్ వైపు వాళ్లు ఎవరైనా అందుకోండి.